వేరేవాళ్ల గుర్రాన్ని మా పొలంలో ఉంచుకోమంటున్నారు, ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

గట్టుమీద:

మా నాన్న స్నేహితుడి కొడుక్కి ఒక ఆడ గుర్రం ఉంది, పన్నెండేళ్లది. ఉద్యోగం మారి దూరం వెళ్లిపోతున్నాడు, అక్కడ దాన్ని ఉంచుకునే వీల్లేదట. "ఏడాదిపాటు మీ పొలంలో ఉంచండి అంకుల్, ఖర్చులు నేను పంపిస్తా" అన్నాడు. ఆ మాట పూర్తవకముందే నాన్న సరే అనేశారు. పొలం నాన్నదీ బాబాయిదీ ఉమ్మడి, బాబాయికి ఇంకా చెప్పనేలేదు. చూసుకోవాల్సింది నేను, నన్నూ అడగలేదు, అది వేరే సంగతి.

నాన్న లెక్క ఏంటంటే, ఇన్ని గేదెల్ని మేపుతున్నాం, కొట్టంలో చోటుంది, నేపియర్ గడ్డి కోతకి వస్తూనే ఉంటుంది, తవుడుకీ దాణాకీ లోటు లేదు, పక్కన రెండెకరాల బీడు ఊరికే పడుంది, ఇంకేం కావాలి అని. నాకు గుర్రాల గురించి ఓనమాలు కూడా తెలీవు. మేత సంగతి ఎలాగోలా నేర్చుకుంటా, నా టెన్షన్ అంతా దానికేమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి అనే. ఇలా వేరేవాళ్ల గుర్రాన్ని చూసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

పాతజీను:

మేత గురించి కూడా టెన్షన్ పడండి. మీ నాన్నగారు చెప్పిన మూడూ, అంటే నేపియర్, తవుడు, గేదెల దాణా, సరిగ్గా గుర్రానికి పనికిరానివే. గేదెల్ని బాగా మేపేవాళ్ల దగ్గరే ఈ చిక్కు వస్తుంది, ఎందుకంటే వాళ్లకి పశువు అంటే తెలుసన్న ధైర్యం ఉంటుంది కాబట్టి.

గుర్రం నెమరు వేయదు. దాని కడుపు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది, అంతే. గడ్డి అరిగేది వెనకాల పెద్దపేగులో, అక్కడి సూక్ష్మజీవుల వల్ల. మేత ఒక్కసారిగా మారిస్తే ఆ సూక్ష్మజీవులు తట్టుకోలేవు, గ్యాస్ పట్టేస్తుంది, పైగా గుర్రానికి కక్కడం చేతకాదు. ఇలా వచ్చే కడుపునొప్పినే కోలిక్ అంటారు, గుర్రాల ప్రాణాలు తీసేవాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది.

నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి మేతలో ఉన్న కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. రెండూ కలిపి నెలల తరబడి పెడితే గుర్రం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటడం మొదలవుతుంది. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లని చాలావరకు విరగ్గొట్టేస్తాయి, అందుకే ఇన్నేళ్లలో మీకు ఎక్కడా తేడా కనిపించి ఉండదు.

దాణా సంగతి ఇంకా సీరియస్. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకి ఏమీ కాని మోతాదు కూడా గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. కాబట్టి వేరే పశువుల దాణా ఏదైనా సరే గుర్రానికి అందకూడదు, గది తలుపుకి గడియ ఒక్కటే సరిపోదు, తాళం వేయండి. గడియలు మూతితో తీసే గుర్రాలు ఉంటాయి. జొన్న జాతి పచ్చిమేత కూడా వద్దు. లేత జొన్న మేసిన పశువుకి నాము, అంటే విషం, తగులుతుందని మీకు తెలిసే ఉంటుంది, గుర్రాల్లో అదనంగా మూత్రాశయం వాచి, వెనక కాళ్లు తూలే జబ్బు కూడా వస్తుంది.

మరి ఏం పెట్టాలి అంటే మంచి ఎండుగడ్డి, దుమ్మూ బూజూ లేనిది. ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకి 6 నుంచి 8 కిలోలు. పొద్దున ఓసారి సాయంత్రం ఓసారి కుప్ప పోసి వదిలేయకుండా రోజంతా, రాత్రి కూడా, కొంచెం కొంచెం నోట్లో ఆడేలా ఉండాలి. కడుపులో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. ఒక్క వరిగడ్డితో నెట్టుకురావడం కుదరదు. నీళ్లు రోజుకి 25 నుంచి 40 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువే. కుడితి తొట్టి దగ్గరికి మాత్రం రానివ్వకండి. ఉప్పుగడ్డ ఒకటి నాకడానికి పెట్టండి. బూజు పట్టిన మొక్కజొన్న ఒక్క గింజ కూడా వద్దు, దాంట్లోని ఒక విషం గుర్రం మెదడునే కరిగిస్తుంది.

ఆయన్ని మొదట అడగాల్సింది ఇది: ఇప్పుడు అది ఏం తింటోంది, ఎంత, ఏ వేళకి? రెండు వారాలకి సరిపడా అదే మేత గుర్రంతోపాటే పంపమనండి, ఆ రెండు వారాల్లో మెల్లగా మీ గడ్డి కలుపుతూ మార్చుకోండి.

లెక్కలపుస్తకం:

పైన చెప్పిందంతా బాగుంది కానీ మీరు అడిగింది ఎవరు జవాబుదారీ అని కదా. ముందు మీ బాబాయిగారికి చెప్పండి, ఈ రోజే. ఉమ్మడి పొలంలోకి ఒక బయటివాళ్ల జంతువు వచ్చాక చెప్పడానికీ, రాకముందు చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. రేపు అది గట్టు దాటి పక్కవాళ్ల చేలో పడితే ఆ పక్కవాళ్లు అడిగేది మిమ్మల్నే, గుర్రం ఓనర్‌ని కాదు.

తర్వాత కాగితం. స్నేహం కదా కాగితం ఏంటి అంటారు నాన్నగారు, కచ్చితంగా అంటారు. కాగితం ఉంటేనే ఆ స్నేహం మిగులుతుంది అని చెప్పండి. గుర్రం ఆయనదే, ఫలానా తేదీ దాకా ఉంచుతున్నాం, నెల నెలా ఎంత, ఏ తేదీకి పంపాలి, మేత, డాక్టరు, గిట్టలు కోసే మనిషి ఖర్చులు అందులోనే ఉన్నాయా విడిగానా, గడువు అయ్యాక తీసుకెళ్లకపోతే ఏంటి, డబ్బు ఆగిపోతే ఎన్నాళ్లు చూడాలి, ఇవన్నీ రాసుకోండి. అది రోడ్డెక్కి బండికి అడ్డం పడితే నష్టం ఎవరిది అన్నది కూడా. దీని మీద చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, దగ్గర్లో ఒక లాయరుకి ఆ కాగితం చూపించడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం వేరే ఉంది. అర్ధరాత్రి గుర్రం పడిపోయింది, ఆయన ఫోన్ ఎత్తట్లేదు. డాక్టర్ని పిలిచే అధికారం మీకుందా, ఎంత ఖర్చు దాకా ఆయన్ని అడక్కుండా పెట్టొచ్చు? ఆపరేషన్ కావాలంటే? ఇక లాభం లేదు, బాధ పడనివ్వొద్దు అని డాక్టరు అంటే ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ఇది ఆయన నోటితో చెప్పి, ఆయన చేత్తో సంతకం పెట్టాలి. తన తరఫున మాట్లాడే రెండో మనిషి నంబరు కూడా ఇవ్వమనండి. దీనికి నసిగితే మాత్రం నేనైతే గుర్రాన్ని దింపుకోను.

మూడోగేటు:

ఒక్క మాట, బీడు చుట్టూ ముళ్లకంచె ఉందా? ఉంటే అక్కడ వదలొద్దు. గేదె ముల్లు గుచ్చుకుంటే వెనక్కి తగ్గుతుంది, గుర్రం బెదిరిందంటే ముందుకే దూకుతుంది, తీగలో కాలు ఇరుక్కుంటే చర్మం ఊడొచ్చేదాకా గుంజుతుంది. నాలుగున్నర, ఐదడుగుల ఎత్తున కర్రల కంచె గానీ, కంటికి కనిపించేలా వెడల్పాటి పట్టీ ఉన్న కరెంటు కంచె గానీ కావాలి. గట్ల మీద గన్నేరు, ఆముదం ఉంటే కొట్టేయండి, కొట్టిన కొమ్మలు కూడా అక్కడ ఉంచొద్దు.

పలుపుతో గుంజకి కట్టి రోజంతా ఉంచే అలవాటు దీనికి పనికిరాదు, తిరక్కపోతే దాని పేగులు కూడా సరిగ్గా కదలవు. ఇంకోటి, గుర్రం మందలో బతికే జంతువు, ఒక్కదాన్నే ఉంచితే దిగులు పడుతుంది. గేదెలు కనిపించేంత దూరంలో ఉంచినా కొంత నయం, మేక ఉంటే ఇంకా మంచిది.

గట్టుమీద:

అందరికీ థ్యాంక్స్. బాబాయికి చెప్పాను, అనుకున్నంత గొడవ ఏం చేయలేదు, "దాని లద్దె మీ వాటాలోనే వేసుకోండి" అన్నారంతే. ముళ్లకంచె ఉంది నిజమే, అది తీసేదాకా రావద్దని ఓనర్‌కి చెప్పేశాను, కంచె ఖర్చు సగం తను పెట్టుకుంటానన్నాడు.

కాగితం పంపిస్తే అన్నిటికీ సరే అన్నాడు, ఆ ఆఖరి నిర్ణయం దగ్గర మాత్రం "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అంటున్నాడు. ఇంకో డౌట్, కడుపునొప్పి వచ్చిందని నాకెలా తెలుస్తుంది? గేదెకైతే గొట్టంతో ఏదో ఒకటి పోసేస్తాం.

పాతజీను:

గొట్టంతో ఏమీ పోయకండి, నూనె కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే దాంతోనే పోతుంది. నూనె అవసరమైతే డాక్టరు ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పోస్తారు.

మేత ముట్టదు, కాలితో నేల గీకుతుంది, తల తిప్పి పక్కటెముకల వైపు చూసుకుంటుంది, పడుకుని లేచి మళ్లీ పడుకుంటుంది, పొర్లుతుంది, చెమటలు పడతాయి, లద్దె వేయదు. ఇవన్నీ ఒకేసారి కనిపించాలని లేదు, రెండు కనిపించినా ఫోన్ చేయండి. బాగున్నప్పుడే దాని మామూలు లెక్కలు రాసి పెట్టుకోండి: గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, దవడ కింద నరం మీద వేలు పెట్టి చూడొచ్చు. ఊపిరి 8 నుంచి 16. ఒళ్లు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. చిగుళ్లు లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. గుండె 60 దాటి కొట్టుకుంటుంటే ఆగకుండా డాక్టర్ని పిలవాలి. వాళ్లు వచ్చేదాకా మేత తీసేయండి, పొర్లకుండా మెల్లగా నడిపించండి, వాళ్లని అడక్కుండా నొప్పి మందు ఇవ్వకండి. అసలు గుర్రాలు చూసే డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నారో ఇప్పుడే కనుక్కోండి, పశువుల డాక్టర్లందరికీ గుర్రాల అలవాటు ఉండదు.

ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించాడో, నట్టల మందు ఎప్పుడు పట్టించాడో, పళ్లు ఎప్పుడు అరగదీయించాడో కూడా కాగితాలతో సహా తీసుకోండి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించాలి, కాబట్టి ఆ మనిషి ఎవరో కూడా ముందే తెలిసుండాలి.

లెక్కలపుస్తకం:

"అప్పటి సంగతి అప్పుడు" అంటే అప్పుడు నిర్ణయం మీ నెత్తిన పడుతుందని అర్థం. ఒప్పుకోకండి. ఒక దారి చెప్తాను: ఫలానా గంటల్లోపు నేనూ, నా రెండో మనిషీ ఫోన్‌లో దొరక్కపోతే డాక్టరు మాటే నా మాట అని ఒక్క వాక్యం రాయమనండి. చావు గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ ఇలా అడిగితే చాలామంది సంతకం పెడతారు. కంచె అయ్యేలోపు ఆ వాక్యం కూడా వచ్చేయాలి.