గ్రహణం రోజు టీవీలో సైన్స్‌కి చోటుందా?

రిటైర్డ్ మాస్టారు: 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. టీవీ పెడితే ఏ రాశివాళ్లు చూడకూడదో చెబుతున్నారు. చంద్రుడు ఎర్రబడేది భూమి వాతావరణం గుండా వంగి వెళ్లిన ఎర్రటి వెలుగు వల్ల. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. అదీ దొరకలేదు. పళ్లెంలో నిలబెట్టిన రోకలికి మాత్రం ఎప్పుడూ టైమ్ ఉంటుంది.

డెస్క్ జీవి: నేను న్యూస్ డెస్క్‌లోనే పనిచేస్తా. రోకలి విజువల్ మేం వేయకపోతే పక్క ఛానల్ వేస్తుంది. గురువారం రేటింగులు వచ్చాక చీవాట్లు తినేది మేమే మాస్టారూ.

రిటైర్డ్ మాస్టారు: అడుగు చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం లేని రోజు నిలబెట్టి చూపించారా ఎప్పుడైనా?

గోదారి గట్టు: మా రోకలి ఏ రోజూ నిలబడదండి. అడుగున ఇనుప కట్టు, అదే పొన్ను, అరిగిపోయింది.

రిటైర్డ్ మాస్టారు: అరిగితే ఎలా నిలబడుతుంది? అంచు సమంగా ఉండాలి. బరువు ఆ అంచు లోపలికే పడాలి.

డెస్క్ జీవి: రోకలి వదిలేయండి సార్. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి చంద్రయాన్-3 దిగినప్పుడు చూడలేదా జనం? యూట్యూబ్‌లో ఇస్రో లైవ్‌నే ఒకేసారి 80 లక్షల మంది చూశారు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూలింది కాబట్టి ఈసారి ఏమవుతుందోనన్న టెన్షన్. మీరు పాఠం చెబుతామంటారు, మాకు కథ కావాలి.

రిటైర్డ్ మాస్టారు: కథలేనా? దిగిన నాలుగు రోజులకే ఇస్రో చంద్రుడి నేల వేడి లెక్కలు బయటపెట్టింది. పైన 50 డిగ్రీలు దాటితే, 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10. జానెడు లోతు కూడా లేదు! ఇంతకంటే కథేముంది? మీరేమో చప్పట్లు చూపించి దుకాణం కట్టేశారు. ఒకసారి నన్నూ ఒక స్టూడియోకి పిలిచారు. పౌడరు రాసి గంటన్నర కూర్చోబెట్టారు, నోరు తెరవగానే బ్రేక్. ‘జ్యోతిష్కుడి మీద గట్టిగా అరవండి సార్’ అని చెవిలో చెప్పారు.

డెస్క్ జీవి: అరవకపోతే రిమోట్ నొక్కేస్తారు. మీకు కావాల్సింది ప్రేక్షకులు కాదు, చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలు!

రిటైర్డ్ మాస్టారు: మాటలు జాగ్రత్త బాబూ. నేను చెప్పేదొక అభిప్రాయం, ఆయన చెప్పేదొక అభిప్రాయం అన్నట్టు ఇద్దరికీ సమానంగా కుర్చీలు వేశారు. నా గొడవంతా ఆ రెండు కుర్చీల గురించే.

డెస్క్ జీవి: చూసేవాళ్లలో చాలామంది ఆయన్నే నమ్ముతారు సార్. వాళ్లని వదిలేసి ఎవరికోసం ప్రోగ్రాం చేయాలి?

విజయవాడ కోడలు: నమ్ముతారని మీరే అనేసుకుంటే ఎలాగండీ? 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణానికి నాకు ఐదో నెల. టీవీలో చెప్పారని మా అత్తయ్య గ్రహణం విడిచేదాకా మంచం దిగనివ్వలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు. మీ కుర్చీల గోల నాకక్కర్లేదు. ‘గర్భిణులు నీళ్లు తాగొచ్చు, తిరగొచ్చు’ అని ఒక డాక్టర్ మాట కింద స్క్రోలింగ్‌లో వేసినా ఆవిడకి చూపించేదాన్ని.

డెస్క్ జీవి: ఆ టైమ్‌లో స్క్రోలింగ్‌లో శాంతి పూజల ఫోన్ నంబర్లు నడుస్తుంటాయి మేడమ్. అది పెయిడ్.