పేలని కార్ట్రిడ్జ్ ఉన్న నెయిల్ గన్‌ను వెంటనే దించవచ్చా?

ప్రశ్న:
మా ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతోంది. స్లాబుకు చానళ్లు బిగించడానికి మందు కార్ట్రిడ్జ్‌తో పనిచేసే నెయిల్ గన్ వాడుతున్నారు. నిన్న ట్రిగ్గర్ నొక్కినా అది పేలకపోవడంతో పనిచేస్తున్నాయన వెంటనే దించి, గొట్టం మూతిని తన వైపు తిప్పుకొని లోపలికి చూశారు. నేను కంగారుపడితే, "కార్ట్రిడ్జ్ చెమ్మగిల్లింది సార్, ఏమీ కాదు" అన్నారు. ఆ మాటను నమ్మవచ్చునా?

జవాబు 1:
నమ్మకండి. చెమ్మ తగిలిన మందు అసలే అంటుకోకపోవచ్చు, కొద్ది క్షణాలు ఆగి అంటుకోనూవచ్చు; ఆ రెండింటిలో ఏది జరగబోతోందో బయటి నుంచి చూసి చెప్పలేము. అందుచేత గన్‌ను స్లాబుకు అదిమిపట్టిన స్థితిలోనే కనీసం 30 సెకన్లు ఉంచి, మరొక్కసారి ట్రిగ్గర్ నొక్కి, అప్పటికీ పేలకపోతే ఇంకో 30 సెకన్లు అలాగే ఆగి, ఆ తరువాతే కార్ట్రిడ్జ్‌ను తీయాలి. గన్‌తో వచ్చిన పుస్తకంలో అంతకన్నా ఎక్కువ సమయం చెప్పి ఉంటే దానినే పాటించాలి. ఇరుక్కున్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు.

జవాబు 2:
మూతిని అదిమితే తప్ప పేలని ఏర్పాటు ఈ గన్‌లలో ఉంటుందన్న ధీమాతోనే చాలామంది అలా చేస్తారు. అయితే అదిమేది అరచేయి అయినా గన్‌కు ఒకటే కదా! మీ పనిలో గోడలకు కూడా మేకులు కొడుతున్నారా? హాలో బ్రిక్ గోడ అయితే మేకు అవతలి గదిలోకి దూసుకుపోగలదు. గ్లేజ్డ్ టైల్స్ మీద అసలే వాడకూడదు. స్లాబు అంచుకు కూడా కనీసం 3 అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే కాంక్రీటు పెచ్చు ఎగిరి కంటికి తగులుతుంది.

జవాబు 3:
మా సైట్లలో ముందుగా ఒక మేకును చేత్తో పట్టుకొని, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూస్తాము. మొన వంగినా, కాంక్రీటు చిట్లినా, మేకు సులువుగా దిగిపోయినా ఆ చోట గన్ వాడము. కార్ట్రిడ్జ్‌లలో కూడా బలం తక్కువైన ఆకుపచ్చదానితో మొదలుపెట్టి, మేకు చాలినంత దిగకపోతేనే పసుపుకు, ఆపైన ఎరుపుకు వెళ్తాము. నేరుగా ఎరుపుతో మొదలుపెట్టే మేస్త్రీలకు సమయం కలిసివస్తుందేమో కానీ, కింద నిలబడినవారికి మాత్రం కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ పేలని ఆ కార్ట్రిడ్జ్‌ను ఆయన స్క్రూలతో పాటు చొక్కా జేబులో వేసుకున్నారు.

జవాబు 1:
ముందు దాన్ని బయటకు తీయించి, నీళ్ల బకెట్‌లో వేయించండి.