ఈ వారం సమస్య: తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

నిర్వాహకుడు:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. మొదటి మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి:

*తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ*

తీసుకున్నవాడు దొంగ అంటే ఎవరూ తల తిప్పరు. తిరిగి ఇచ్చినవాడు దొంగ ఎలా అవుతాడన్నదే చిక్కు. పురాణం, రాజకీయం, ప్రేమ ఏదైనా సరే. అయితే నాకు ఈ పాదం తోచింది అమెరికా దుకాణాల సంగతి చదువుతుండగా. మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్.బీన్ అనే కంపెనీ 1912లో వేటగాళ్ల బూట్లతో మొదలైంది. మొదట అమ్మిన నూరు జతల్లో తొంభై కుట్లు ఊడి తిరిగివచ్చాయి. యజమాని అందరికీ డబ్బు వాపసు చేసి, బూటు బాగుచేసి మళ్లీ అమ్మాడు. నచ్చకపోతే ఎప్పుడైనా తిరిగి తెచ్చుకోవచ్చన్న మాట ఆ తర్వాత నూరేళ్లు నిలిచింది. చివరకు ఎవరి ఇంటి ముందో పాత సామాన్ల అమ్మకంలో కొన్న చిరిగిన బూట్లు కూడా తెచ్చి డబ్బడిగేవారు ఎక్కువయ్యారు. 2018 ఫిబ్రవరిలో కంపెనీ ఆ మాట వెనక్కి తీసుకుని, ఏడాది గడువు, రసీదు ఉండాలన్న నియమం పెట్టింది.

యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతపడే అక్షరం) తప్పితే పంతులుగారు ఊరుకోరు. గణం (గురులఘువుల కూర్పు) తప్పితే నేను ఊరుకోను.

చింతచిగురు:
బోణీ నాది.

చీటి విప్పకుండఁ జీర కట్టెను, బెండ్లి
కేగి, ఫొటొలు దిగియెఁ గేరి కేరి;
మరుదినంబె మడిచి మరలఁ గొట్టుకుఁ దెచ్చి
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

ధర చీటీని జాకెట్టులోకి దోపి పెళ్లికి వెళ్లివచ్చిన ఒకావిడను నేను కళ్లారా చూశాను. భోజనాల దగ్గర అది బయటికి వేలాడుతుంటే పక్కావిడ లోపలికి తోసి పెట్టింది. ఇద్దరూ ఆ విద్యలో ఆరితేరినవారే.

పాతబడిపంతులు:
అమ్మా చింతచిగురూ, నడక హాయిగా ఉంది. చీటి–చీర యతికి యతి, అందానికి అందం. రెండు మాటలు.

ఒకటి, 'ఫొటొలు'. ఫొటోలో ఓకారం దీర్ఘం. 'ఫొటోలు' అంటే జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, ఇక్కడ ఉండాల్సిన సూర్యగణం కాదు. అందుకే మీరు దాన్ని కురచ చేశారు. అన్యదేశ్యానికి, అంటే పరభాషా పదానికి, ఈపాటి వెసులుబాటు నేను ఇస్తాను. మా గురువుగారు బతికి ఉంటే ఇచ్చేవారు కాదు.

రెండోది పెద్దది. చీర కట్టింది ఆమె. పెళ్లికి వెళ్లిందీ ఆమె. నాలుగో పాదానికి వచ్చేసరికి దొంగ 'వాఁడు' ఎలా అయ్యాడు?

చింతచిగురు:
అయ్యో, పంతులుగారూ! లింగం సంగతే మరిచాను. మా ఇంట్లో తిరిగి ఇచ్చే పనులన్నీ మావారివే కాబట్టి నా చెవికి తప్పుగా వినపడలేదు.

పాతబడిపంతులు:
అయితే సవరణ మీ ఇంట్లోనే ఉంది కదమ్మా. మూడో పాదం మార్చండి.

చింతచిగురు:

చీటి విప్పకుండఁ జీర కట్టెను, బెండ్లి
కేగి, ఫొటొలు దిగియెఁ గేరి కేరి;
మగఁడు మరుదినంబె మాలు మోసుకుపోయి
తిరిగి యిచ్చు, వాఁడె దిట్టదొంగ!

పాతబడిపంతులు:
భేష్. 'ఇచ్చు' దగ్గర విరుపు పడి సమస్యే రెండు వాక్యాలయింది. మగడి పాపం మాత్రం నాకు తెలియదు. మోసుకెళ్లినవాడు దొంగా, కట్టుకున్నవారు దొంగా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

హిమబిందువు:
చింతచిగురు గారి చీటీకి ఇక్కడ అమెరికావాళ్లు విరుగుడు కనిపెట్టారండి. 2013లో బ్లూమింగ్‌డేల్స్ దుకాణాలు ఖరీదైన దుస్తుల మీద, అందరికీ కనపడే చోట, పెద్ద నల్లటి చీటీ తగిలించడం మొదలుపెట్టాయి. ఇంట్లో వేసుకుని చూసుకోవడానికి అది అడ్డం రాదు. విందుకు వేసుకెళ్లాలంటే తీయాలి. తీస్తే మళ్లీ తగిలించడం కుదరదు, వాపసూ కుదరదు. జాకెట్టులో దోపుకునే పరిమాణం కాదు అది.

నా పూరణ:

చెట్టు గొనియె; నింటఁ జెలువుగా నిలిపెను;
దీపములను గట్టి తృప్తిఁ బడసె;
నెండి రాలినంత నేడాది మొదటనే
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

ఇది కల్పన కాదు. 2018 జనవరిలో కాలిఫోర్నియాలో ఒకామె ఎండిపోయిన క్రిస్మస్ చెట్టును కాస్ట్‌కో దుకాణానికి ఈడ్చుకొచ్చి, చచ్చిపోయింది కాబట్టి డబ్బివ్వమంది. ఇచ్చారు కూడా. వెనక వరుసలో నిలబడ్డవాడు ఫోటో తీసి లోకానికి చూపించాడు. (ఇందులోనూ ఆమే, పంతులుగారూ. పద్యంలో మాత్రం ముందుజాగ్రత్తగా లింగం కనపడకుండా దాచాను.)

గణగణ:
దీ–తృ యతి చెల్లుతుందా అండీ? నేను కొత్త.

పాతబడిపంతులు:
చెల్లుతుంది నాయనా. త, ద ఒకే వర్గం. ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది.

హిమబిందువు గారూ, మూడో పాదంలో 'నేడాది' నాకు మొదట 'నేఁడు ఆది' అని వినపడింది. ఆదివారం అంగడికి వెళ్లారనుకున్నాను. అన్వయం తర్వాత కుదిరిందనుకోండి. ఇంకొకటి, ఏ చెట్టో పద్యం చెప్పలేదు. కింద వచనం లేకపోతే తెనాలిలో పాఠకుడు కొబ్బరిమొక్క అనుకుంటాడు. పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి.

కొండపల్లిబొమ్మ:
మీరందరూ అంగడిలోనే తిరుగుతున్నారు. నేను కాళిందికి వెళ్లివస్తాను.

మడుఁగు నొడ్డునుండి మగువల వలువలఁ
దెచ్చి, పొన్న నెక్కి, దెప్పి నవ్వి,
మ్రొక్కులంది వారి ముచ్చట చెల్లించి
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

నిర్వాహకుడు:
ఆహా! సమస్య ఇస్తున్నప్పుడే ఎవరో ఒకరు కృష్ణుణ్ణి పట్టుకొస్తారనుకున్నాను. ఇంత నున్నగా వస్తుందనుకోలేదు. ఇచ్చినవాడూ వాడే, దొంగా వాడే. ఒక్క అక్షరం బలవంతంగా కూర్చోలేదు.

పాతబడిపంతులు:
పద్యం బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ భాగవత మూలంలో ఉన్నది నీపం, అంటే కడిమి. పొన్న ఎక్కడి నుంచి వచ్చింది?

కొండపల్లిబొమ్మ:
మన వైష్ణవాలయాల ఉత్సవాల్లో స్వామి ఊరేగేది పొన్నవాహనం మీద కదా, పంతులుగారూ. కొమ్మలకు చీరలు వేలాడుతుంటాయి. నేను చదివిన భాగవతం కన్నా చూసిన ఉత్సవం ముందుది.

పాతబడిపంతులు:
అలాగైతే పొన్న ఉండనీయండి.

అంగడివీధి:
నాది తెనాలిలో బట్టల కొట్టు. ముప్ఫై ఏళ్లుగా గల్లాపెట్టె వెనక బోర్డు ఒకటే: 'అమ్మిన సరుకు తిరిగి తీసుకొనబడదు'. మీ అమెరికా దుకాణాల ఔదార్యం గురించి చదివి నవ్వుకున్నాను. ఆ డబ్బు ఎవరి జేబులోనిది? నా పూరణ:

ముందె ధరను బెంచి, మోమాట మేమియు
లేక పుచ్చుకొనును లెక్క చూచి;
నగవుతోడఁ గొంత నగదు బల్లను బెట్టి
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

చింతచిగురు:
కొట్టువారే కొట్టువారిని దొంగ అనడం ఇదే మొదటిసారి చూస్తున్నాను! పద్యం మాత్రం కుదిమట్టంగా ఉంది. లేక–లెక్క యతి నాకు బాగా నచ్చింది.

న్యాయపక్షం:
అంగడివీధి గారూ, పద్యానికి నమస్కారం, బోర్డుకు మాత్రం అభ్యంతరం. నచ్చలేదని తెస్తే తీసుకోకపోవడం మీ ఇష్టం. సరుకులో లోపం ఉంటే ఆ బోర్డు మిమ్మల్ని కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి.

అంగడివీధి:
లోపముంటే నేను ఏనాడూ కాదనలేదు సార్. రంగు వెలిసిన చీరలు నాలుగు మా ఇంట్లోనే కడుతున్నారు. ఉగాదికి కొని, పండుగ వెళ్లాక 'పిల్లాడికి బిగుతైంది' అని పసుపు మరకతో తెచ్చేవారి కోసం ఆ బోర్డు.

గణగణ:
నేను డాలస్‌లో ఉంటాను. ఛందస్సు నేర్చుకుని మూడు నెలలైంది. తప్పులుంటే మన్నించండి.

అమ్మ నాన్న వచ్చి ఆరు నెలలు ఉండ
పరుపు, కోటు, మడత పడక కొనిరి
వారు మరలి పోవ వాడిన వవి యెల్ల
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

నిర్వాహకుడు:
మూడు నెలలకే ఇంత నిలకడా! విషయం కూడా మీ చుట్టూ ఉన్నదే. ఇక మరమ్మతు. 'వచ్చి ఆరు' అని పద్యం మధ్య అచ్చు నిలబడదు. 'వచ్చి యారు' అనాలి. 'నెలలు ఉండ' దగ్గర ఉకారసంధి తప్పదు, 'నెలలుండ' అవుతుంది. అప్పుడు మీ అయిదో గణం 'లలుండ' జగణమై కూర్చుంటుంది. 'నెలలు నుండ' అని నకారం దూర్చవద్దు, అది వ్యాకరణం ఒప్పని దొంగ నకారం. 'మాసము లుండ' అంటే సరిపోతుంది. ఇక కొన్నది 'వారు', ఇచ్చింది 'వాడు'. 'కొనియె' అనండి.

అమ్మ నాన్న వచ్చి యారు మాసము లుండఁ
బరుపు, కోటు, మడత పడక కొనియె;
వారు మరలి పోవ వాడిన వవి యెల్ల
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

గణగణ:
ధన్యవాదాలండీ. ఒక సందేహం, ఛందస్సుది కాదు. పద్యం రాశాను గాని, పోయిన వేసవిలో ఆ పరుపు తిరిగి ఇచ్చినవాణ్ణి నేనే. గడువులోపలే ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి కారణం కూడా అడగలేదు. నియమం ఒప్పుకున్న పని చేస్తే దొంగనెలా అవుతాను?

హిమబిందువు:
మంచి ప్రశ్న. 1970ల నాటి నార్డ్‌స్ట్రామ్ టైర్ల కథ విన్నారా? అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఒకాయన టైర్లు దొర్లించుకుంటూ వచ్చి డబ్బు వెనక్కి అడిగాడు. నార్డ్‌స్ట్రామ్ బట్టలు, చెప్పులు అమ్మే దుకాణం. ఆయన వాటిని కొన్నది అదే చోట అంతకుముందున్న వేరే దుకాణంలో. అయినా డబ్బిచ్చారు. ఆ వాపసు వాళ్లకు తెచ్చిన పేరు ఇప్పటికీ వడ్డీ తెస్తోంది. మరి ఆ టైర్లాయన దొంగా?

పాతబడిపంతులు:
కాదు. ఆయన కొన్నచోటే ఇస్తున్నాననుకున్నాడు.

తూనికరాయి:
గణగణ గారికి నేను జవాబు చెప్పగలనేమో. అయిదేళ్లు ఒక పెద్ద దుకాణంలో వాపసు బల్ల వెనక నిలబడ్డాను. కారణం అడగవద్దని మాకు చెప్పేవారు. అడగకపోయినా కొందరు చెప్పేవారు. నిజంగా సరుకు నచ్చనివాడు కొంచెం సిగ్గుపడుతూ వస్తాడు, రసీదు కోసం అన్ని జేబులూ వెతుకుతాడు. రెండో రకం మనిషి రసీదును పెట్టెకు అంటించి తెస్తాడు. తెరిచి చూస్తే తీగలు కూడా కొన్ననాటి మడతల్లోనే ఉంటాయి. వస్తువు మీద మాత్రం తడిగుడ్డ వాసన. సామాను గిడ్డంగికి పోయేది, చాలావరకు మళ్లీ అరల మీదికి వచ్చేది కాదు. ఆర్.ఇ.ఐ. అనే కొండలెక్కేవాళ్ల సామాన్ల దుకాణాన్ని జనం అద్దె దుకాణమని వేళాకోళం చేసేవారు. 2013లో వాళ్లు కూడా ఏడాది గడువు పెట్టేశారు.

కొనెడి వేళయందె గుట్టుగా మదిలోన
మరలఁ దెచ్చు దినము మఱవ కెంచి,
పెట్టె చింపకుండఁ బెట్టి, వాడి, తుడిచి
తిరిగి యిచ్చువాఁడె దిట్టదొంగ

పాతబడిపంతులు:
ఇదీ పూరణ. మిగతా పద్యాల్లో దొంగతనం మూడో పాదంలో, వాపసు బల్ల దగ్గర జరుగుతోంది. ఇందులో మొదటి పాదంలోనే, కొనేటప్పుడే జరిగిపోయింది. 'గుట్టుగా మదిలోన' అన్న మాట లేకపోతే సమస్యకు సమాధానమే లేదు. 'పెట్టి, వాడి, తుడిచి' అని వరసగా మూడు క్రియలు పడేసరికి ఆ మనిషి చేతులు కనపడుతున్నాయి. తప్పు వెతికాను, దొరకలేదు. నాకు కొంచెం బాధగా ఉంది.

గణగణ:
తూనికరాయి గారూ, పరుపు కొన్న రోజే వాపసు గడువు ఫోనులో గుర్తు పెట్టుకున్నాను. ఇంతకంటే చెప్పను.

చింతచిగురు:
మీ పద్యంలో 'వాఁడె' అన్వయం మాత్రం బాగా కుదిరిందండీ!

అంగడివీధి:
గణగణ గారూ, తెనాలి వస్తే మా కొట్టుకు రండి. బోర్డు పక్కన నిలబడి టీ తాగుదాం.

నిర్వాహకుడు:
ఈ వారం తూనికరాయి గారి పద్యానికి మొదటి స్థానం, కొండపల్లిబొమ్మ గారి కృష్ణుడికి రెండోది. హిమబిందువు గారు ఆ చెట్టు ఏదో చెప్పి మళ్లీ పంపితే చేర్చుకుంటాను. వచ్చే వారం తేటగీతి పాదం:

*చిల్లి పడినట్టి కుండయే చెల్లుబాటు*

చింతచిగురు:
దీన్ని తిరిగి ఇవ్వవచ్చా అండీ? గడువెంత?