టెల్నెట్ లాగిన్‌ను ప్రోగ్రామ్ చేత చేయించబోతే పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతోంది

గ్రీమ్స్‌పేట_రాత్రిషిఫ్టు

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తున్నాను. గుజ్జును వేడిచేసే యంత్రాల ఉష్ణోగ్రతలను నమోదు చేసే పాత లైనక్స్ పెట్టె మా దగ్గర ఒకటి ఉంది. దాన్ని బిగించి వెళ్లినవారు ఇప్పుడు ఫోన్ ఎత్తరు, లోపలికి వెళ్లడానికి టెల్నెట్ (నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) తప్ప వేరే దారి లేదు. రోజూ ఉదయం ఆరింటికి ఎవరో ఒకరు లాగిన్ అయి, రాత్రి ఫైలును తెరమీదికి తెచ్చి కాపీ చేసుకోవలసి వస్తోంది.

ఈ తిప్పలు తప్పించాలని కమాండ్లను వరుసగా నడిపే చిన్న షెల్ స్క్రిప్టు రాశాను. యూజర్ పేరు పంపి ఒక సెకను ఆగడం, పాస్‌వర్డ్ పంపి ఇంకో సెకను ఆగడం, ఆ తర్వాత ఫైలును తెరమీద చూపే క్యాట్ కమాండ్ పంపడం, వీటన్నిటినీ పైపు ద్వారా టెల్నెట్‌కు అందించడం, అంతే దాని పని. మే నెలలో పరీక్షించినప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు. తోతాపురి కాయ రావడం మొదలై మూడు షిఫ్టులూ నడుస్తున్నప్పటి నుంచి మాత్రం వారంలో మూడు నాలుగు రోజులు ‘లాగిన్ ఇన్‌కరెక్ట్’ అని వస్తోంది. పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు, చేత్తో కొడితే వెంటనే తీసుకుంటోంది. ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే కొంత నయమైంది గాని రోగం పూర్తిగా కుదరలేదు. పొరపాటు ఎక్కడుందో చెప్పగలరా?

అలిపిరి_మెట్లు

పొరపాటు సెకన్ల లెక్కలోనే ఉందండీ. మీ స్క్రిప్టు అవతలివాడు ఏమంటున్నాడో వినకుండా తన పాఠం తాను అప్పజెబుతోంది. పెట్టె ఖాళీగా ఉన్న రోజుల్లో ‘పాస్‌వర్డ్:’ అన్న మాట సెకనులోపే వచ్చేది కాబట్టి మీ లెక్క సరిపోయింది. యంత్రాలన్నీ ఒకేసారి అంకెలు పంపుతున్నప్పుడు అది ఆలస్యమవుతోంది.

ఆలస్యమైతే పాస్‌వర్డ్ వరుసలో నిలబడి ఉంటుంది కదా, పోవడమెందుకు అన్న సందేహం రావచ్చు, నాకూ ఒకప్పుడు వచ్చింది. యూనిక్స్ తరహా లాగిన్ ప్రోగ్రాములు పాస్‌వర్డ్ అడగబోయే ముందు, టైపు చేసినది తెరమీద కనబడకుండా ఎకోను ఆపుతాయి. ఆపే ఆ క్షణంలోనే, అంతకుముందు వచ్చి ఇంకా చదవకుండా ఉన్న అక్షరాలన్నిటినీ సాధారణంగా పారబోస్తాయి. తొందరపడి వచ్చిన మీ పాస్‌వర్డ్ అలా చెత్తబుట్టలోకి పోతుంది, దాని వెనక వచ్చిన క్యాట్ కమాండే పాస్‌వర్డ్‌గా లెక్కకు వస్తుంది. ‘ఇన్‌కరెక్ట్’ అనక ఏమంటుంది మరి!

కనుక నిద్రపుచ్చే ఆ స్లీప్ వరుసలు తీసివేసి, ‘లాగిన్:’ కనబడేదాకా చదవడం, కనబడ్డాకే పేరు పంపడం, ‘పాస్‌వర్డ్:’ కనబడేదాకా మళ్లీ చదవడం అన్న పద్ధతికి రండి. ఇందుకోసమే 1990లో డాన్ లైబ్స్ ‘ఎక్స్‌పెక్ట్’ అనే పనిముట్టును తయారుచేశారు, నేటికీ చక్కగా పనిచేస్తుంది.

రేణిగుంట_పైథాన్

పైథాన్‌లో ఇదే పనిని ‘పెక్స్‌పెక్ట్’ చేస్తుంది. అయితే వెతికితే దొరికే పాత ఉదాహరణలన్నీ ‘టెల్నెట్‌లిబ్’ అనే మాడ్యూల్‌తో ఉంటాయి, వాటిని నమ్ముకోకండి. దాన్ని 3.11లోనే వాడకూడని జాబితాలో చేర్చి, 2024 అక్టోబరులో వచ్చిన 3.13 నుంచి పూర్తిగా తీసివేశారు. ఈ సంగతి తెలియక నేను ఆఫీసు కంప్యూటర్‌లో పైథాన్‌ను కొత్తదానికి మార్చి ఇంటికి వెళ్లిపోయాను. మరునాడు ఎనిమిది స్విచ్‌ల బ్యాకప్‌లు తీసుకోవలసిన ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే, అలాంటి మాడ్యూల్ లేదంటూ కూలబడింది.

పాత పైథాన్‌తోనే దాన్ని వాడుతున్నవారికి ఇంకో మాట. కోరిన మాట వచ్చేదాకా చదివే ‘రీడ్ అంటిల్’కు సమయ పరిమితి ఇచ్చినప్పుడు ఆ సమయం దాటిపోతే అది ఎర్రర్ ఇవ్వదు, అప్పటిదాకా చదివినది ఎంతైతే అంత చేతిలో పెట్టి ఊరుకుంటుంది. తిరిగి వచ్చిన దానిలో మనం ఎదురుచూసిన మాట నిజంగా ఉందో లేదో మనమే చూసుకోవాలి. ఆ పరీక్ష లేకపోతే, పేరు మార్చుకున్న సెకన్ల లెక్కకే మళ్లీ వచ్చినట్టు.

గ్రీమ్స్‌పేట_రాత్రిషిఫ్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా దగ్గరి కంప్యూటర్‌లో కొత్త ప్యాకేజీలు వేయడానికి అనుమతి లేదు, అందుకని పైథాన్ సాకెట్‌తో (అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌ను నేనే తెరిచి) నేరుగా టెల్నెట్ వాడే 23వ పోర్టుకు కనెక్ట్ అయి చూశాను. ‘లాగిన్:’ రానే రాలేదు. దానికి బదులుగా 255 253 24 255 253 32 255 253 35 255 253 39 అనే పన్నెండు బైట్లు వచ్చి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఇదేమి భాష?

అలిపిరి_మెట్లు

అది టెల్నెట్ సొంత భాషేనండీ, మీ సమాధానం కోసమే అది నోరు మూసుకుని కూర్చుంది. 1983లో వచ్చిన టెల్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 854 ప్రకారం 255 అంటే ‘ఇక వచ్చేది అక్షరం కాదు, ఆజ్ఞ’ అని అర్థం. దాని తర్వాతి 253 ‘నువ్వు ఇది చెయ్యి’ అనడం, మూడో అంకె ఏది చేయాలో చెప్పడం. 24 అంటే టెర్మినల్ రకం, 32 అంటే దాని వేగం, 35 ఎక్స్ తెర చిరునామా, 39 ఎన్విరాన్‌మెంట్ వివరాలు. మీకు వీటిలో ఏదీ అక్కరలేదు కాబట్టి ప్రతిదానికీ ‘నేను చేయను’ అని, అంటే 255 252 తర్వాత అదే అంకెను చేర్చి తిప్పి పంపండి. అవతలివాడే 251తో ‘నేను ఇది చేస్తాను’ అంటే, 1వ నంబరు ఎకోకు, 3వ నంబరుకు (‘గో అహెడ్’ సంకేతాలు మానడానికి) మాత్రం 253తో సరే అని, మిగతావాటికి 254తో వద్దనండి. వాడు 252 గాని 254 గాని పంపితే, మీరు ముందే ఒప్పుకున్నదాన్ని వాడు మానేస్తున్నప్పుడు తప్ప బదులివ్వనక్కరలేదు. ప్రతిదానికీ బదులిస్తూ పోతే రెండు యంత్రాలూ తెల్లవార్లూ మర్యాదలు చేసుకుంటూ ఉంటాయి.

చదివిన ముక్కలను ఒక బఫర్‌లో కూడబెట్టి, ఈ ఆజ్ఞలను వేరుచేశాకే అందులో ‘లాగిన్:’ కోసం వెతకండి. డేటాను మోసుకొచ్చే టీసీపీ మాటల హద్దులను కాపాడదు; ‘లాగ్’ ఒకసారి, ‘ఇన్:’ మరోసారి రావచ్చు, 255 ఒక ముక్క చివర, 253 మరో ముక్క మొదట పడవచ్చు.

బాలాజీకాలనీ_ల్యాబ్

ఆ దశ దాటాక ఎదురయ్యే రెండు ఉచ్చులు నేను చెబుతాను, రెండింటిలోనూ పడ్డాను గనుక.

మొదటిది ‘లాస్ట్ లాగిన్:’ అనే వరుస. పాస్‌వర్డ్ ఒప్పుకున్నాక చాలా సర్వర్లు, మీరు క్రితంసారి ఎప్పుడు వచ్చారో ఇలా చెబుతాయి. మళ్లీ ‘లాగిన్:’ కనబడితే పాస్‌వర్డ్ తప్పినట్టు అని ప్రోగ్రామ్‌లో రాసుకుంటే, విజయవంతంగా లోపలికి వెళ్లిన ప్రతిసారీ అది ఓడిపోయాననుకుని బయటికి వచ్చేస్తుంది. వరుస మొదట్లో ఏముందో కూడా చూడాలి.

రెండోది ఎకో. ఫైలు పూర్తయిందని తెలియడానికి క్యాట్ తర్వాత ‘ముగిసింది’ అని అచ్చువేసే ఎకో కమాండ్ పంపి, ఆ మాట కోసం ఎదురుచూశాను. మనం పంపిన కమాండ్‌ను సర్వర్ మొదట మనకే తిప్పి చూపిస్తుంది, అందులోనూ ఆ మాట ఉంటుంది. నా ప్రోగ్రామ్ దాన్నే చూసి, ఫైలులో ఒక్క వరుస కూడా రాకముందే సెలవు పుచ్చుకుంది. కమాండ్‌లో ఆ మాట నడుమ రెండు కొటేషన్ గుర్తులను ఖాళీగా పెట్టి ‘ముగి""సింది’ అని రాస్తే షెల్ వాటిని తీసివేసి అతికించి అచ్చువేస్తుంది. అతికిన రూపం నిజమైన జవాబులోనే కనబడుతుంది.

కపిలతీర్థం_నెట్‌వర్క్

ఇంతసేపూ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. టెల్నెట్‌లో ఏదీ దాగదు. తిరుపతిలో మా విద్యార్థులకు దీన్ని ఉపన్యాసంతో చెప్పను, నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను పట్టి చూపే వైర్‌షార్క్‌లో పట్టిన ప్యాకెట్లను వరుసగా పేర్చి చూపిస్తాను. యూజర్ పేరు ‘గెస్ట్’ అయితే ప్రతి అక్షరమూ రెండేసి సార్లు కనబడుతుంది, ఒకటి మనం పంపినది, రెండోది సర్వర్ తిప్పి పంపినది. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి ఎకో ఉండదు కాబట్టి అక్షరాలు ఒక్కొక్కటిగా, మరింత శుభ్రంగా చదువుకోవడానికి వీలుగా ఉంటాయి. ల్యాబ్ అంతా ఒక్కసారి గొల్లుమంటుంది. 1995లో హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో ఎవరో ఇలాగే పాస్‌వర్డ్‌లను దొంగిలించడం వల్లనే తాతు యులోనెన్, అంతా గుప్తీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలనూ రౌటర్లనూ పట్టుకున్నది కూడా టెల్నెట్ ద్వారా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లతోనే.

మీ పెట్టెను మార్చడం కుదరదని అర్థమైంది. కనీసం దాన్ని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీయండి. దాని పక్కనే రెండు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, ఒక పోర్టు నుంచి పెట్టెకు నేరుగా కేబుల్ వేయండి. టెల్నెట్ ఆ అడుగు తీగలోనే ఉంటుంది, బయటివారు రెండో పోర్టుకు ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవితోనే వస్తారు. పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో గాని కమాండ్ వరుసలో గాని పెట్టకండి, కమాండ్ వరుస, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే పీఎస్ కమాండ్ కొట్టిన ఎవరికైనా కనబడుతుంది. సొంతదారు మాత్రమే చదవగల, రాయగల 600 అనుమతులున్న విడి ఫైలులో ఉంచండి.

గ్రీమ్స్‌పేట_రాత్రిషిఫ్టు

పక్షం రోజుల తర్వాత రాస్తున్నాను. సాకెట్‌తోనే రాసుకున్న నూట పది వరుసల ప్రోగ్రామ్ నడుస్తోంది. ఆ పన్నెండు బైట్లకు ‘చేయను’ అని పంపగానే ‘లాగిన్:’ వచ్చింది. మొన్న మధ్యరాత్రి కరెంటు పోయి పెట్టె మళ్లీ మొదలవుతున్న సమయంలో ఒకసారి కనెక్షన్ దొరకలేదు. ప్రతి దశకూ ముప్పై సెకన్ల పరిమితి పెట్టి ఉండడం వల్ల ప్రోగ్రామ్ వేలాడకుండా ఏ దశలో ఆగిందో రాసి బయటికి వచ్చింది, ఐదు నిమిషాల తర్వాత రెండో ప్రయత్నంలో ఫైలు తెచ్చింది. కపిలతీర్థం గారు చెప్పినట్టు మూలనపడ్డ పాత డెస్క్‌టాప్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు వేసి పెట్టె పక్కన కూర్చోబెట్టాను.

మా సూపర్‌వైజర్ గారు మాత్రం చేత్తో రాసే ఉష్ణోగ్రతల పుస్తకాన్ని ఆపనివ్వలేదు. రెండు చోట్లా అంకెలు కలుస్తున్నాయో లేదో కాయ సీజన్ అయ్యేదాకా చూద్దామన్నారు. ఇప్పటికి ఒక్కచోటే తేడా వచ్చింది, అది పుస్తకంలో.