పూసల కంకణంలో నల్లపూస: పాపమని ఇంకా చెప్పాలా?

గుంటూరు టీచరమ్మ:
అందరికీ వందనాలు. వేసవి వి.బి.ఎస్.లో, అంటే సెలవుల్లో చర్చిలో పిల్లలకు నడిపే బైబిలు బడిలో, మేము ఏటా పిల్లలతో చేయించేది పూసల కంకణమే. నూలు దారం, అయిదు ప్లాస్టిక్ పూసలు, అంతే. ఒక్కొక్కరికి 3 రూపాయలు దాటదు. నలుపు పాపం, ఎరుపు యేసు రక్తం, తెలుపు కడగబడిన హృదయం, ఆకుపచ్చ ఎదుగుదల, పసుపు పరలోకం. నేనూ చిన్నప్పుడు ఇలాగే నేర్చుకున్నాను.

ఈసారి రెండు సంగతులు జరిగాయి. ఒక పాప ఇంటికి వెళ్లి, అమ్మమ్మ మెడలోని నల్లపూసల గొలుసు చూసి "అమ్మమ్మా, ఇన్ని పాపాలా?" అందట. ఆవిడే వచ్చి చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను. రెండోదానికి నవ్వు రాలేదు. మూడో రోజుకల్లా పిల్లలు మా తరగతిలో అందరికన్నా నల్లగా ఉండే బాబుకు "మొదటి పూస" అని పేరు పెట్టేశారు. నాలుగో రోజు వాడు రాలేదు.

నల్లపూస తీసేయాలా? తీసేస్తే పాపం గురించి ఏ వస్తువు చూపించి చెప్పాలి?

పాతకాపు:
సిస్టర్ గారూ, ఆ బాబు సంగతి వింటే బాధగా ఉంది. పేరు పెట్టిన పిల్లలను కూర్చోబెట్టి మందలించాలి. అంతేగాని పూసను శిక్షించడం ఎందుకు?

ఇది నిన్నా మొన్నా పుట్టిన పాఠం కాదు. ఈ పూసలకు మూలం అక్షరాలు లేని పుస్తకం, ఉత్త రంగు పుటలే ఉండేది. 1866లో లండన్‌లో బోధకుడు స్పర్జన్ గారు దాని గురించి ప్రసంగించినప్పుడు అందులో ఉన్నవి మూడే రంగులు: నలుపు, ఎరుపు, తెలుపు. బంగారు రంగు, అంటే మన పసుపు పూస, 1875లో అమెరికా సువార్తికుడు మూడీ గారు చేర్చారు. ఆకుపచ్చ ఆ తర్వాత వచ్చింది. చదువు రానివారికి ఇంతకన్నా సులువైన సాధనం నేను చూడలేదు. మా ఊళ్లో ఒక తల్లికి అక్షరం ముక్క రాదు. కొడుకు చేతి పూసలు ఒక్కొక్కటే పట్టుకుని సువార్త మొత్తం అప్పజెప్పింది. "దేవుడు వెలుగై యున్నాడు; ఆయనయందు చీకటి ఎంతమాత్రమును లేదు" అని యోహాను రాశాడు. చీకటి నల్లగా కాక మరే రంగులో ఉంటుంది?

కృష్ణాతీరం:
చీకటి నల్లనిదే అన్నగారూ. కానీ మనిషిని చూసి చీకటి అనం, నలుపు అంటాం. ఇంట్లో, బడిలో, పెళ్లి సంబంధాల మాటల్లో ఆ మాట ఏ గొంతుతో వినబడుతుందో మీకు తెలియనిదా? లండన్‌లో స్పర్జన్ గారి ఎదుట కూర్చున్నవారికి ఆ నల్ల పుట చూసి తమ చేయి చూసుకోవలసిన పని పడి ఉండదు. మన పిల్లలకు పడుతుంది.

వాక్యం సంగతికి వస్తే, యెషయా 1:18లో పాపం రంగేమిటి? "మీ పాపములు రక్తమువలె ఎఱ్ఱనివైనను" అనే ఉంది. తెలుపు ఎప్పుడూ పవిత్రతేనా అంటే అదీ కాదు. సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో మోషే కూషు దేశపు స్త్రీని, అంటే ఆఫ్రికాలోని నల్లనివారి దేశపు ఆమెను, పెళ్లాడాడని అతని అక్క మిర్యాము అతనికి విరోధంగా మాట్లాడింది. ఆమెకు కుష్ఠు వచ్చి మంచులా తెల్లబడిపోయింది. ఆ కథ వి.బి.ఎస్.లో ఎవరైనా చెప్పగా విన్నారా? నేనైతే వినలేదు.

పాతకాపు:
అయితే ఎర్రపూసే పాపమూ, ఎర్రపూసే రక్తమూనా? ఆరేళ్ల పిల్లవాడికి అది ఎలా వివరిస్తారో మీరే చూపించండి.

వాక్యప్రియుడు:
ఈ కంకణాలూ, కాగితపు ఓడలూ ఎందుకు? ఉన్న గంటలో సగం జిగురు ఆరేదాకా కూర్చోవడానికే పోతుంది. రోజుకొక కంఠత వాక్యం చెప్పిస్తే చాలదా?

కృష్ణాతీరం:
చాలదు. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక 12 రాళ్లు ఏరించింది దేవుడే. ఈ రాళ్లెందుకని పిల్లలు అడగాలనే. చేతికి తగిలిన దానినే పిల్లలు ప్రశ్నిస్తారు. అందుకే ఆ చేతిలో ఏం పెడుతున్నామో చూసుకోమంటున్నాను.

పల్లె పాస్టరమ్మ:
మేము నల్లపూస మానేసి చాలా కాలమైంది. మొదట చిలుము పట్టిన ఇత్తడి చెంబు తెచ్చి, చింతపండుతో పిల్లల చేతే తోమించాను. మెరుపు చూసి కేకలు వేశారు. తీరా చూస్తే చిలుము ఆకుపచ్చగా ఉంది. "ఎదుగుదల పోయిందా టీచర్?" అని ఒకడు అడిగాడు! ఆ పాఠం అంతటితో సరి.

ఇప్పుడు ముడి వేయిస్తున్నాను. దారం మొదట్లో పూస ఉండదు, గట్టి ముడి ఉంటుంది. సామెతలు 5:22లో దుష్టుడు "తన పాపపాశములవలన బంధింపబడును" అని ఉంది కదా. అబద్ధం ఆడాక దాన్ని కప్పడానికి ఇంకొకటి ఆడతాం, చిక్కు మీద చిక్కు పడుతుందని చెబుతాను. పిల్లలు తమంతట తాము విప్పబోతారు, రాదు. పెద్దవాళ్లు విప్పిపెట్టాకే ఎర్రపూస ఎక్కుతుంది. ఎరుపు ఒక్క రక్తానికే, పాతకాపు అన్నగారి సందేహమూ తీరుతుంది. పైగా ఒక పూస ఖర్చు మిగులు.

గుంటూరు టీచరమ్మ:
ముడి ఆలోచన బాగుంది అమ్మగారూ. నిన్న సాయంత్రం ఆ బాబు ఇంటికి వెళ్లాను. వాడు నన్ను చూసి లోపలికి పరుగెత్తాడు. తలుపు గొళ్లేనికి కంకణం వేలాడుతోంది. నాలుగు పూసలే ఉన్నాయి. నల్లపూస తీసేసి, దారం మళ్లీ జాగ్రత్తగా కట్టుకున్నాడు. వాళ్ల అమ్మకు అదేమీ తెలియదు, పూస ఊడిపోయింది కాబోలు అంది. ఆదివారం ముడితో కొత్త కంకణాలు చేయిస్తాను. ముందు వాడి చేతనే చేయించి, మిగతా పిల్లలకు వాడినే చూపించమంటాను, వస్తే.

పాతకాపు:
నూలు దారం పనికిరాదు సిస్టర్ గారూ, తడి చేయి తగిలితే ముడి బిగుసుకుపోయి మీకు కూడా ఊడదు. లావుపాటి జనపనార తాడు తీసుకోండి, కాకపోతే పెద్ద రంధ్రాల పూసలు కావాలి. మా దుకాణంలో రెండూ ఉన్నాయి, శనివారం బస్సులో పంపిస్తాను. నల్లపూస విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.