ఆన్‌లైన్ డిప్రెషన్ చికిత్సను తమ్ముడు మధ్యలో ఆపేశాడు, గట్టిగా అడగవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక అక్క):
మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసే మా తమ్ముడికి డిప్రెషన్ అని నిర్ధారించిన డాక్టరుగారు, మందులతో పాటు ఎనిమిది పాఠాల ఆన్‌లైన్ సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను గమనించి మార్చుకోవడం నేర్పే చికిత్స) కార్యక్రమంలో చేర్పించారు. రెండు పాఠాలు శ్రద్ధగా చేశాడు. మూడో పాఠంలో రోజూ ఆలోచనల పట్టిక నింపాలి. అక్కడ ఆగిపోయి మూడు వారాలైంది. వాడే చూపించాడు, సోమవారం గడిలో ‘ఏమీ లేదు’ అని మాత్రమే ఉంది. అమ్మ దాన్ని బద్ధకం అంటోంది. నేను గట్టిగా అడగాలా, వదిలేయాలా?

జవాబు (కౌన్సెలింగ్ సైకాలజిస్టును):
అది బద్ధకం కాదని అమ్మగారికి దయచేసి చెప్పండి. ఏకాగ్రత కుదరకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఈ జబ్బు లక్షణాలే; ఈ చికిత్సకు కావలసినవి కూడా సరిగ్గా ఆ ఏకాగ్రత, ఆ ఆసక్తే. బ్రిటన్‌లో 691 మందితో జరిగి 2015లో ప్రచురితమైన రీయాక్ట్ అధ్యయనంలో, ఫోను చేసి ప్రోత్సహించే ఏర్పాటు ఉన్నా, ఇలాంటి కార్యక్రమాల పాఠాలన్నీ పూర్తిచేసినవారు ఐదో వంతుకన్నా తక్కువే. పేషెంటు రాసింది చదివి, దానికి బదులిచ్చే థెరపిస్టు ఉన్నచోట సాధారణంగా ఎక్కువమంది చివరిదాకా కొనసాగుతారు. కాబట్టి అలాంటి వ్యక్తి ఎవరైనా ఉన్నారేమో డాక్టరుగారిని అడగండి, పాఠాలు ఆగిన సంగతి కూడా ఆయనకు తెలియాలి. మందులు మాత్రం సొంతంగా ఆపనివ్వకండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుగారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

జవాబు (ఉప్పల్ నుంచి, ఇలాంటి కార్యక్రమమే పూర్తిచేశాను):
నేనూ ఆ పట్టిక దగ్గరే ఆగాను. ఇంగ్లీషులో ‘ఆలోచన’కు ఒక గడి, ‘భావన’కు ఒక గడి ఉండేవి, నాకేమో రెండింటిలోనూ ‘మనసు బాగోలేదు’ అన్న ఒక్క మాటే వచ్చేది. నోటుపుస్తకంలో తెలుగులో రాసుకోమని మా థెరపిస్టు చెప్పాక, ‘మేనేజరు పలకరించలేదు, నా పని నచ్చలేదేమో అనుకున్నాను, కడుపులో దేవినట్టయింది’ అని మొదటిసారి విడదీసి రాయగలిగాను. రాత్రి షిఫ్టు ముగిశాక ఏదీ తలకెక్కదు. నిద్ర లేచి టీ తాగాక పదినిమిషాలు కూర్చోవడం నాకు కుదిరింది. ‘చేశావా’ అని అడిగితే మాత్రం ముడుచుకుపోయేవాణ్ణి.

ప్రశ్న అడిగిన అక్క:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం వాడి పక్కన కూర్చుని, సోమవారం ఏం జరిగిందో తెలుగులో చెప్పమన్నాను. చాలాసేపటికి, ‘క్యాబ్‌లో ఎవరూ నాతో మాట్లాడలేదక్కా’ అన్నాడు. దాన్ని అలాగే వాడి చేతే రాయించాను. రేపు డాక్టరుగారికి ఫోను చేస్తాను.