పారిస్ నుంచి ఒక్క రోజులో షార్త్ర్ కెథడ్రల్: ఏమి చూడాలి, ఎలా చూడాలి?

ప్రశ్న

నమస్కారం. వచ్చే మే నెలలో మా అమ్మగారితో కలిసి పారిస్ వెళ్తున్నాను. అక్కడి నోత్రదామ్ చూశాక మరో రోజును షార్త్ర్ కెథడ్రల్‌కు కేటాయించాలని నా కోరిక. రెండూ గోతిక్ (మధ్యయుగపు ఐరోపా చర్చి నిర్మాణ శైలి) కట్టడాలే కదా, ఒకటి చూస్తే చాలదా అని బంధువులు అంటున్నారు. వాస్తుశిల్పం చదువుకోని మాలాంటివారు అక్కడ వేటిని, ఏ క్రమంలో చూడాలి? అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయి కనుక ఆ సంగతి కూడా దృష్టిలో ఉంచుకొని చెప్పగలరు.

మొదటి సమాధానం

తప్పకుండా వెళ్లండి. 12, 13వ శతాబ్దాల రంగుటద్దాల కిటికీలు ఇంత అధికంగా నిలిచి ఉన్న చోటు మరొకటి దొరకడం కష్టం. 1194లో జరిగిన అగ్నిప్రమాదంలో పాత చర్చి చాలావరకు కాలిపోగా, పడమటి ముఖభాగమూ దానిలోని మూడు పొడవాటి కిటికీలూ మిగిలాయి. ఆ తరువాత పాతికేళ్లు తిరిగేసరికి ప్రధాన కట్టడం చాలావరకు లేచింది కనుకనే లోపలి భాగమంతా ఒకే మనసు ఊహించినట్టుగా కనిపిస్తుంది.

ఒక్కో కిటికీలోని కథను సాధారణంగా కింది నుంచి పైకి చదువుకోవాలి. చాలా కిటికీల అడుగున రొట్టెలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు, ఉన్నితోళ్లు అమ్మేవారు తమ పనిలో నిమగ్నమై కనిపిస్తారు. రాజులతో, పునీతులతో పాటు శ్రమజీవులకూ ఆ గాజులో చోటు దక్కిందన్నది నన్ను అన్నిటికంటే కదిలించే విషయం. పైభాగంలోని బొమ్మలు మామూలు కంటికి అందవు కాబట్టి చిన్న బైనాక్యులర్స్ వెంట తీసుకెళ్లండి. 1939లో యుద్ధభయంతో ఈ గాజును విప్పి సురక్షిత ప్రాంతానికి తరలించి, యుద్ధం ముగిశాక మళ్లీ అమర్చారు. ఆ ముందుచూపే లేకపోతే ఈ రోజు మనం మాట్లాడుకోవడానికి ఏమి మిగిలేదో!

రెండవ సమాధానం

నేను సివిల్ ఇంజనీరును. లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్కసారి దక్షిణం వైపున బయట నిలబడి చూడమని కోరుతున్నాను. సుమారు 37 మీటర్ల ఎత్తున ఉన్న రాతి కప్పు తన బరువుతో గోడలను బయటికి తోస్తూ ఉంటుంది. ఆ తోపుడును బయటినుంచి కమానుల రూపంలో ఆనుకొని ఉన్న ఊతలు అందుకొని, బలమైన రాతి దిమ్మెల మీదుగా నేలకు చేరవేస్తాయి. బరువు మోసే బాధ్యత నుంచి గోడకు చాలావరకు విముక్తి లభించింది కనుకనే అంత విశాలమైన కిటికీలు తెరవడం సాధ్యమైంది. ఇది చూసి లోపలికి వెళితే గాజు అందం వెనుక ఉన్న లెక్క అర్థమవుతుంది.

రెండు శిఖరాలు ఒకే తీరుగా లేవని ఆశ్చర్యపడకండి. నిరాడంబరంగా ఉన్న దక్షిణ శిఖరం 12వ శతాబ్దానిది. నగిషీలతో నిండిన ఉత్తర శిఖరం 16వ శతాబ్దపు ఆరంభంలో కట్టినది. నాకు దక్షిణపుదే ఎక్కువ ఇష్టం.

మూడవ సమాధానం

పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలులో గంటకు కాస్త అటూ ఇటూగా ప్రయాణం. స్టేషన్ నుంచి నడక దూరమేగానీ దారి ఎగువకు ఉంటుంది కనుక అమ్మగారిని నెమ్మదిగా నడిపించండి. గోపురం మెట్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. లోపల కుర్చీలుంటాయి. ఉత్తరపు గులాబీ కిటికీకి (పువ్వు రేకుల్లా అమర్చిన గుండ్రటి కిటికీ) ఎదురుగా అమ్మగారిని కూర్చోబెడితే, దాని కింద మధ్యలో పసిపాపగా ఉన్న మేరీని (ఏసు తల్లిని) ఎత్తుకొన్న మేరీ తల్లి ఆన్‌ను తీరిగ్గా చూడవచ్చు. పడమటి గాజు సాయంత్రపు ఎండలో వెలుగుతుంది కాబట్టి తిరుగు రైలు తొందరపడి పట్టుకోకండి.

ఒక్క మాట. పాత ఫోటోల్లోని చీకటి ఇప్పుడు ఉండదు. ఇటీవలి మరమ్మతుల్లో మసిని తొలగించి గోడలను లేత రంగుకు తెచ్చారు. దీనివల్ల కిటికీ గాజులోని నీలం గాఢత తగ్గినట్టుందని కొందరు గట్టిగా విమర్శించారు. మసి కింద బయటపడిన 13వ శతాబ్దపు పూతను అనుసరించే ఆ పని చేశారు కనుక నాకు అది సమంజసంగానే తోస్తుంది.

చర్చి నేల మీద రాళ్లతో పరిచిన మెలికల చిక్కుదారి చాలా రోజులు కుర్చీల కింద దాగి ఉంటుంది. దాని మీద నడవాలనుకుంటే వేసవికాలపు శుక్రవారం ఎంచుకోండి. అది నేటికీ ఆరాధన జరిగే స్థలం కనుక ప్రార్థన సమయంలో తిరగకుండా ఒకచోట కూర్చోండి.